పని చెప్పని ఇల్లు

మా ఆయన సలాలా నుంచి వీడియో కాల్ చేసి, సముద్రం పక్కన ఇల్లు కొందామా అని అడిగినప్పుడు నేను మెట్‌పల్లిలో మా ఇంటి పై అంతస్తు బాల్కనీలో పావురాల రెట్టలు గోకుతున్నాను. ఫోన్‌ను పిట్టగోడకు ఆనించి, చేతిలో రేకుముక్క పట్టుకుని, ముక్కుకు కొంగు కట్టుకుని ఉన్నాను. ఆ అవతారంలో ఉన్న మనిషిని అడగవలసిన ప్రశ్న కాదది.

సలాలా ఒమన్ దేశానికి దక్షిణపు కొసన ఉన్న ఓడరేవు ఊరు. మా ఆయన పెళ్లయిన మరుసటేడే అక్కడి రేవులో హెల్పర్‌గా చేరి, క్రేన్లు నడపడం నేర్చుకుని, చివరికి సూపర్‌వైజర్ అయ్యాడు. నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా బిడ్డ చదువు ముగించి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక, ఇక ఇద్దరం ఒకచోట ఉండాలన్న మాట మా మధ్య నలుగుతూ వచ్చింది. ఆయన ఇక్కడికి రావాలా, నేను అక్కడికి పోవాలా అన్నదే తేలలేదు. ఆయనకు అక్కడ ఇంకా కొన్నేళ్ల ఉద్యోగం ఉంది. ఇక్కడికొస్తే పొద్దంతా ఏం చేయాలో ఆయనకే తెలియదు.

ఆ రోజు ఆయన చెప్పింది ఇది. ఆ దేశంలో విదేశీయులు సొంతంగా ఇల్లు కొనుక్కోవడానికి కొన్ని చోట్ల మాత్రమే అనుమతి ఉందట. అలాంటి చోటు ఒకటి సలాలాలో సముద్రాన్ని ఆనుకునే ఉందట. ఇల్లుంటే ఇద్దరం అక్కడ ఉండే వీలు కూడా దొరుకుతుందట.

నాకు మొదట వచ్చిన అనుమానం వేరే.

"సముద్రం పక్కన ఇంట్లకు దుమ్ము వస్తదా?" అని అడిగాను.

"దుమ్ము రాదు," అన్నాడాయన. మళ్లీ నిజాయితీగా, "ఇసుక వస్తది," అన్నాడు.

మెట్‌పల్లి ఇంటి సంగతి చెబితే తప్ప ఆ ప్రశ్న ఎందుకు అడిగానో అర్థం కాదు. మా దిక్కు గల్ఫ్ పోయినవాళ్లంతా ఊళ్లో ఇల్లు కడతారు. మా ఆయన కూడా కట్టాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా దానికి ఏదో ఒకటి జోడించి పోయేవాడు. ఒకసారి పై అంతస్తు, ఒకసారి పాలరాయి, ఒకసారి బాల్కనీకి అద్దాలు. దర్వాజలకు నిర్మల్ నుంచి పనివాళ్లను పిలిపించి టేకు మీద చిలుకలు చెక్కించాడు. ఆయన విమానం ఎక్కాక ఆ ఇంటితో మిగిలేది నేను. బడికి పోకముందు కింది అంతస్తు, బడి నుంచి వచ్చాక పై అంతస్తు. పసుపు బండ్లు మార్కెట్‌కు పోయే రోజుల్లో అద్దాల మీద పచ్చటి పొర. కోతులు ట్యాంకు మూత పీకి నీళ్లలో ఈదులాడేవి. చిలుకల రెక్కల సందుల్లో దుమ్ము తీయడానికి పాత టూత్‌బ్రష్‌లు దాచిపెట్టుకునేదాన్ని. ఒక వానాకాలం చిలుక తల నొక్కితే వేలు లోపలికి దిగింది. చెదలు లోపల్లోపల తినేసి పైన పాలిష్ మాత్రం ఉంచాయి.

నేను పుట్టి పెరిగింది జైనూర్ దగ్గర గుట్టల్లో. బాపు అటవీ శాఖలో గార్డు. ఒకటే గది, ముందు వసారా. అవ్వ, అంటే మా అమ్మ, పండుగకోసారి ఎర్రమట్టితో అలికేది. అలికిన పూటే ఆమె పని అయిపోయేది, మిగతా పొద్దంతా పత్తి చేనుకు పోయేది. అంత ఇంట్లో పెరిగినదాన్ని ఇన్ని గదుల వెంట తిరుగుతుంటే ఇల్లు నాకా, నేను ఇంటికా అనిపించేది. ఈ మాట మా ఆయనతో ఎన్నోసార్లు అన్నాను కూడా. మనిషిని పెట్టుకో అనేవాడు. పెట్టుకున్న మనిషి పండుగలకు, పెళ్లిళ్లకు పోయేది. ఇల్లు ఎక్కడికీ పోయేది కాదు.

అందుకని వారం రోజులు ఆలోచించి ఆయనకు ఒకే ఒక్క షరతు చెప్పాను.

"కొనుడు కొందాం. గని ఆ ఇల్లు నాకు పని చెప్పద్దు."

ఆయన సరేనన్నాడు. ఆ సరేలో ఎంత సరే ఉందో అప్పటికి నాకు తెలియదు.

మెట్‌పల్లి ఇల్లు అమ్ముతున్నామని తెలిసి మా వదిన, అంటే ఆయన అక్క, పొద్దున్నే వచ్చి కూర్చుంది. ఆమెకు కోపం లేదు, ఆశ్చర్యం మాత్రం ఆగలేదు. మంది అక్కడ సంపాదించి ఇక్కడ కడతారని, మేం ఇక్కడిది అమ్మి అక్కడ కొంటామంటున్నామని, ఇంత ఉల్టా పని ఎక్కడా చూడలేదని అంది. ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ ఇష్టం. సముద్రం ఒడ్డున బోరు వేస్తే ఉప్పు నీళ్లు పడతాయా? మరి తాగేదేంది? అలల చప్పుడు ఆగదంట కదా, నిద్రెట్లా పడుతుంది? చేపల వాసనకు అన్నం ఎట్లా తింటారు? తీర మైదానాలు, ఆటుపోట్లు, ఉప్పుగాలులు ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పాను. నల్లబల్ల మీద నీలం సుద్దముక్కతో సముద్రం గీశాను. కానీ సముద్రాన్ని చూసింది లేదు. చిన్నప్పుడు బాపుతో కరీంనగర్ వచ్చి మానేరు డ్యామ్ చూసి, అవతలి గట్టు మంచులో కనపడక, అదే సముద్రమనుకున్నాను. చాలా రోజులు బడిలో తోటి పిల్లలకు కూడా అట్లాగే చెప్పుకున్నాను.

గల్ఫ్ నుంచి అప్పుడే తిరిగొచ్చిన ఒకాయన మా ఇల్లు కొన్నాడు. కొనేముందు ఆయన భార్య ఇల్లంతా తిరిగి చూసింది. కిటికీలు ఎన్ని ఉన్నాయో చూస్తున్నప్పుడు ఆమె ముఖంలో ఒక అలసట కదిలింది. నేను చూపు తిప్పుకున్నాను.

ఉద్యోగం నుంచి ముందుగానే విరమణ తీసుకుని సలాలా చేరాను. విమానం దిగిన మరునాడు పొద్దున మా ఆయన నన్ను సముద్రం దగ్గరికి తీసుకుపోయాడు. నేను ఏమంటానో అని నా ముఖమే చూస్తున్నాడు. నేను ఒడ్డున ఉన్న ఇనుప కటకటాన్ని పట్టుకుని చూశాను. తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేచి చేతికొచ్చింది. వేలితో గీరితే కింద ఇంకో పొర, దాని కింద ఇంకో పొర.

"సముద్రం చూడమంటే జంగు చూస్తున్నవా?" అన్నాడు.

రెండూ చూస్తున్నానని చెప్పాను. నిజమే చెప్పాను. నీళ్లు అంత దూరం పరుచుకుని ఉండడం ఫోటోల్లో చూసి ఊహించుకోవచ్చు. గాలి కూడా ఏదో ఒకటి తింటుందని, అది తినే తిండి ఇనుమని ఏ పుస్తకం చదివినా అట్లా చేతికి తగలలేదు.

ఇళ్లు చూపించడానికి ఒక మలయాళీ ఏజెంట్ కుదిరాడు. ఓపికమంతుడు. మేం చూసిన మొదటి ఇల్లు సముద్రానికి ఎదురుగా, ముందు తోట, చెక్క అరుగు, చెక్క తలుపులు. మా ఆయన గేటు దాటగానే మౌనంగా అయిపోయాడు. ఇష్టమైనదేదైనా చూస్తే ఆయన అట్లాగే అయిపోతాడు. తోటలో పైపు ఎక్కడుంది, మట్టి ఎంత లోతు ఉంది చూశాడు. నేను అరుగు పలకల మీద నడిచాను. కొన్ని చోట్ల పలకలు విల్లులా వంగి మేకులు పైకి లేచాయి. మేకుల చుట్టూ నల్లటి మరకలు. ఏడాదికోసారి నూనె పట్టించాలని ఏజెంట్ చెప్పాడు. ఎవరు పట్టించాలని అడిగాను. ఆయన మా ఇద్దరి ముఖాలు చూసి నవ్వాడు.

రెండోది పై అంతస్తులో ఒక ఫ్లాట్. తెల్లటి గోడలు, తెల్లటి నేల, తెరవాల్సిన అవసరం లేని పెద్ద అద్దాలు. అంతా కంపెనీవాళ్లే చూసుకుంటారు, మీరు తాళం తీసుకుని ఉండడమే అన్నాడు ఏజెంట్. నాకు ప్రాణం లేచొచ్చింది. అద్దం దగ్గర నిలబడితే సముద్రం కనిపించింది కానీ వినిపించలేదు. టీవీలో చప్పుడు తగ్గించినట్టుంది. మా ఆయన గది మధ్యలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఇది హోటల్ లెక్క ఉందన్నాడు.

ఇంటికి వచ్చాక ఆ పూట మేమిద్దరం గట్టిగానే మాట్లాడుకున్నాం. మేమున్నది ఆయన కంపెనీ ఇచ్చిన చిన్న అద్దె గది. నేను షరతు గుర్తుచేశాను. మళ్లీ ఒక బంగ్లాకు చాకిరి చేయడానికి ఇంత దూరం రాలేదన్నాను. ఆయన లేచి చాయ్ పెట్టాడు. చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అప్పుడు చెప్పాడు.

"ఇన్నేండ్లు కంపెనీ రూములల్ల ఉన్న. గోడకు ఒక మొల గొట్టనియ్యరు. అంగీ తలిగేసుకుందామన్న మంచం రాడుకే. మెట్‌పల్లిల అన్ని గదులు గట్టిన గని ఒక్క గదిల నెల కంటె ఎక్కువ పండలే. నీకు పని వద్దు, నాకు ఎరుకే. నాకు పని గావాలె. నా ఇంట్ల నా చేతులతోని."

నాకు ఆ మాట కొత్త. ఆ ఇల్లు ఆయన గొప్పకు కట్టుకున్నాడనే ఇన్నాళ్లు అనుకున్నాను. ఆ గదులను ఆయన అక్కడ మంచం మీద పడుకుని కట్టుకుంటూ ఉండేవాడని, ఒక్కో సెలవుకు ఒక్కోటి తెచ్చి పెట్టి పోయేవాడని నాకు తట్టలేదు. అయినా నేను మెత్తబడలేదు.

"పని నువ్వు చేస్తనంటె నాకేం. గని నువ్వు డ్యూటికి వోతవు. ఇల్లు నా మొఖం జూస్తది," అన్నాను.

ఆ రోజు అక్కడితో ఆపేశాం.

మూడో ఇల్లు చూస్తామనుకోలేదు. రెండో ఫ్లాట్ మళ్లీ చూడ్డానికి పోయినప్పుడు దాని వెనక వరుసలో, నేల మీదే ఉన్న ఒక చిన్న ఇంటి ముందు ఒక ముసలామె కుర్చీలో కూర్చుని కాళ్లకు ఇసుక కడుక్కుంటోంది. చలిదేశం మనిషి. యూరప్ నుంచి వచ్చి చాలా ఏళ్లుగా అక్కడే ఒంటరిగా ఉంటోందని, మోకాళ్లు సహకరించక తమ్ముడి దగ్గరికి పోవాలనుకుంటోందని ఏజెంట్ చెప్పాడు. ఇల్లు ఇంకా అమ్మకానికి పెట్టలేదట, అడిగితే చూపిస్తుందట.

ఆ ఇంటి నుంచి సముద్రం కనిపించదు. ముందు వరుస ఇళ్ల సందులోంచి ఒక నీలిరంగు ముక్క మాత్రం కనిపిస్తుంది. కానీ చప్పుడు వస్తుంది. రెండు గదులు, వంటకు ఒక మూల. లోపలికి అడుగుపెట్టగానే నేను ఏదో వెలితి పసిగట్టాను కానీ ఏమిటో వెంటనే తెలియలేదు. తర్వాత తెలిసింది. ఇంట్లో ఇనుము లేదు. చెక్క కూడా దాదాపు లేదు. కూర్చోవడానికి గోడవెంట సిమెంటు అరుగులు, వాటి మీద మెత్తలు. అలమారాల బదులు గోడలోనే గూళ్లు. జైనూర్‌లో మా అవ్వ దీపం పెట్టే గూడు, పోపుడబ్బాలు పెట్టే గూడు అట్లాగే ఉండేవి. ఒక గూట్లోకి చేయి పెట్టి చూశాను, చల్లగా ఉంది.

ఇట్లా కట్టించుకున్నారా అని ఇంగ్లీషులో అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. వచ్చినప్పుడు మామూలు ఇల్లేనట. మంచాలు, బీరువా, దీపాల స్తంభాలు, అన్నీ ఉండేవట. ఒక్కొక్కటే తుప్పు పట్టి పోయిందట. మొదట్లో పోయినదాన్నల్లా మళ్లీ కొనేదట. ఒక ఏడాది బీరువా తలుపు ఊడి కాలి మీద పడ్డాక ఇక కొనడం మానేసిందట. "సముద్రం దేన్ని తీసుకుపోతే దాన్ని ఇచ్చేశాను. చివరికి ఇది మిగిలింది," అని చుట్టూ చూపించింది.

నాకు ఆమెను ఎన్నో అడగాలనిపించింది, అడిగాను కూడా. ఏసీ బయటి పెట్టె సముద్రం వైపు కాకుండా వెనక గోడకు ఎందుకుంది? ఉప్పుగాలి నేరుగా తగిలితే రెండేళ్లకే దాని రెక్కలు పొడి అయిపోతాయి. కిటికీలకు తెరలు ఎందుకు లేవు? తేమ పట్టి బూజు వాసన వస్తాయి. గోడలకు ఈ సున్నమేమిటి, రంగు వేయించలేదా? రంగు పొరలుగా లేస్తుంది, సున్నం లేవదు, పోయినచోట మళ్లీ పూసుకోవచ్చు. అయితే ఈ ఇంట్లో పనే లేదా అని చివరికి అడిగాను. ఆమె వేళ్లు లెక్కపెడుతూ, ఉంది కానీ తక్కువని, రోజూ వాకిట్లో కాళ్లు కడుక్కోవాలని, వారానికోసారి కిటికీ పట్టాల్లో ఇసుక బ్రష్‌తో తీయాలని, తాళానికి మాత్రం ఎన్నడూ నూనె వేయకూడదని చెప్పింది. మా ఆయన ఈ మాటలన్నీ వింటూ ఇంటి వెనక్కి పోయి నిలబడ్డాడు. అక్కడ ఇంటికి, ప్రహరీకి మధ్య ఒక మంచం పట్టేంత నేల ఉంది. సముద్రపు గాలి తగలదు. ఉత్త ఇసుక.

తిరిగి వస్తూ కార్లో మాట్లాడుకున్నాం. ఆ వెనక నేల నీది, అక్కడ ఏం పెంచుకుంటావో, ఏం కొట్టుకుంటావో నేను అడగను, కానీ నీళ్లు పొయ్యమని నాకు ఫోన్ చేయొద్దు అన్నాను. ఆయన కొంచెంసేపు బేరమాడాడు. లోపలి గోడకు కూడా ఒక మొల కొట్టుకుంటానన్నాడు.

"ఒక్కటే," అన్నాను.

"ఇత్తడిది," అన్నాడు.

ఆ ఇల్లు కొన్నాం. ముసలామె వెళ్లేరోజు ప్లాస్టిక్ బకెట్, బ్రష్, మెత్తలు మాకే వదిలేసింది. మా ఆయన మొల కొట్టి దానికి తన అంగీ తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. నేను నవ్వలేదు.

మొదటి నెలల్లో నేను అన్నిటినీ పరీక్షకు పెట్టాను. ఇంటి నుంచి తెచ్చిన పసుపు గాజుసీసాలో ఉంచితే ఎన్నాళ్లకు గడ్డకడుతుంది, స్టీలు డబ్బాలో ఎన్నాళ్లకు? వదిన పంపిన సకినాలు మధ్యాహ్నానికే మెత్తబడితే ఎండలో పెట్టాలా, పెనం మీద పెట్టాలా? ఒక పాత చెంచాను వాకిట్లో, ఇంకో చెంచాను వెనక నేలలో పెట్టి చూశాను. వాకిట్లోదానికి వారంలోపే తుప్పు చుక్కలు పడ్డాయి. వెనకది చాన్నాళ్లు తెల్లగానే ఉంది. మా ఆయన అది చూసి, ఇంట్లో పిచ్చిదాన్ని పెట్టుకున్నానని బిడ్డకు ఫోన్లో చెప్పాడు. కానీ చెంచా చూశాక తన సైకిల్‌ను వెనక్కి మార్చుకున్నాడు.

ఆయన వెనక నేలలో మొదట చిక్కుడు పెట్టాడు. ఆకుల అంచులు కాలినట్టయి రాలిపోయాయి. టమాటా ఎదిగింది కానీ కాయలేదు. గోంగూర మాత్రం దేన్నీ లెక్కచేయకుండా లేచింది. డ్యూటీ నుంచి రాగానే అంగీ విప్పి వెనక్కి పోయేవాడు. ఏం చేస్తున్నాడో నేను చూడకూడదని ఒప్పందం కాబట్టి చూడలేదు. మట్టి గోకే చప్పుడు, మధ్యమధ్య ఈల మాత్రం వినిపించేవి.

జూన్ చివర్లో సలాలా మారిపోయింది. మబ్బులు కిందికి దిగి గుట్టలను కప్పేశాయి. రోజంతా సన్నటి తుంపర. మెల్లగా కొండలన్నీ పచ్చబడ్డాయి. చుట్టూ ఎడారి ఉన్న దేశంలో ఈ ఒక్క మూలకు వాన ఎందుకొస్తుందో నేను మ్యాప్ పెట్టుకుని చదివాను. మన దగ్గరికి వచ్చే నైరుతి గాలుల కొసే ఈ గుట్టలకు తగులుతుంది. అంతకంటే ఆశ్చర్యం, అక్కడివాళ్లు ఆ కాలాన్ని ఖరీఫ్ అంటారు. పక్కింటి ఒమానీ ఆమె నోట ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేను తప్పు విన్నానేమో అనుకున్నాను. మెట్‌పల్లి మార్కెట్లో, వ్యవసాయ ఆఫీసులో, రేడియోలో ఎన్నేళ్లుగానో వింటున్న మాట. మనకు అది పంట, వాళ్లకు అది వాన. వాళ్ల భాషలో దానికి అసలు అర్థం పంట కోసే కాలమని ఆమే చెప్పింది. మాట మన దగ్గరికి ఎట్లా నడిచొచ్చిందో అని ఆ పొద్దంతా అదే ఆలోచించాను.

ఆ ఖరీఫ్‌లోనే మేం మా ఇంటి బయట చిక్కుపడ్డాం. ఒక శుక్రవారం మా ఆయనకు సెలవు. అలలు ఇంటి ఎత్తున లేస్తున్నాయని ఎవరో అంటే ఇద్దరం చూడ్డానికి పోయాం. నిజంగానే లేస్తున్నాయి. బీచ్ సగం లేదు. నిన్నటిదాకా ఇసుక ఉన్నచోట నల్లటి రాళ్లు బయటపడ్డాయి. తడిసి ముద్దయి తిరిగొచ్చి మా ఆయన తాళంలో చెవి పెట్టి తిప్పాడు. తిరగలేదు. బలంగా తిప్పాడు. చెవి విరిగి సగం లోపలే ఉండిపోయింది.

నేను ఆయన ముఖం చూశాను. ఆయన నేల చూశాడు.

"నూనె ఏసినవా?" అని అడిగాను.

"జరంత," అన్నాడు. "బిగుసుకుంటుంటె చూడబుద్ధి కాలే."

ఆ జరంత నూనెకు ఇసుక అంటుకుని తాళం లోపల పిండిలా ముద్దకట్టింది. ఫోన్లు లోపలే ఉన్నాయి. చూరు కింద నిలబడి ఎదురుచూశాం. పక్కింటి ఒమానీ ఆమె తలుపు తీసి మమ్మల్ని చూసి, ఏమీ అడగకుండా ఖర్జూరాలు, కాఫీ తెచ్చి పెట్టింది. కాలనీ చూసుకునే మలయాళీ వాచ్‌మన్ గొడుగుతో వచ్చాడు. తాళాలవాడికి ఫోన్ చేస్తే శుక్రవారం నమాజు తర్వాతే వస్తానన్నాడట.

నాకు అప్పటికే వంటింటి కిటికీ మీద చూపు పడింది. వారానికోసారి పట్టాల్లో ఇసుక తీస్తున్నప్పుడు ఆ జరిపే అద్దం కొంచెం పైకి లేచి ఆడడం గమనించాను. దాన్ని పైకెత్తి కింది అంచు బయటికి లాగితే వచ్చేస్తుందేమో అన్నాను. మా ఆయన, వాచ్‌మన్ చెరో వైపు పట్టుకుని ఎత్తారు. రాలేదు. ఇంకోసారి ఎత్తారు. ఊడి చేతిలోకి వచ్చింది. ఆ సందు చిన్నది, అందులో పట్టేది నేనొక్కదాన్నే. చీర కుచ్చిళ్లు దోపుకుని, మా ఆయన చేతుల్లో కాలు పెట్టి ఎక్కాను. లోపల గట్టు మీద పప్పు గిన్నె ఉంది. దాన్ని తన్నకుండా దిగాలని చూస్తే దాంట్లోనే పాదం పడింది. నేను లోపల నవ్వడం విని ఆయన బయట నవ్వాడు. ఒమానీ ఆమె కూడా నవ్వింది, ఎందుకో తెలియకపోయినా.

సాయంత్రం తాళాలవాడు వచ్చి పాతది పీకి కొత్తది బిగించాడు. పాతదాన్ని పారేయబోతుంటే నేను అడిగి తీసుకున్నాను. కాగితం పరిచి, స్క్రూలు విప్పి, లోపలున్నవన్నీ ఒక్కొక్కటే తీశాను. చిన్న చిన్న స్ప్రింగులు, ఎత్తుపల్లాల ఇత్తడి పుల్లలు. చెవి అంచులో పళ్లు ఎందుకు ఎగుడుదిగుడుగా ఉంటాయో ఆ రోజు తెలిసింది. ఒక్కో పన్ను ఒక్కో పుల్లను సరిగ్గా కావలసినంత లేపుతుంది. అన్నీ ఒక గీతలోకి వస్తేనే తిరుగుతుంది. ఇంత చిన్నదానిలో ఇంత ఏర్పాటు ఉందని యాభై ఏళ్లు తాళాలు వేస్తూ తీస్తూ కూడా నాకు తెలియదు. నీళ్లతో కడిగి, ఆరబెట్టి, పెన్సిల్ ముల్లు గీరిన పొడి వేసి మళ్లీ బిగించాను. ఒకరోజు పట్టింది. ఒక స్ప్రింగు ఎక్కడికో ఎగిరి పోయింది, ఇప్పటికీ దొరకలేదు. అయినా విరిగిన చెవి ముక్క తీసేసి రెండో చెవి పెడితే తిరిగింది.

మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. కొత్త తాళం బాధ్యత ఎవరిదని అడిగాడు.

"నాది," అన్నాను. "నువ్వు దాని దగ్గరికి రాకు."

పని వద్దని వచ్చినదానివి పని తీసుకుంటున్నావేంటని ఆయన ఎత్తిపొడవలేదు. బహుశా ఆ మాట అంటే నేను వదిలేస్తానని భయపడ్డాడేమో. నేను కూడా ఆ విషయం మీద కొన్నాళ్లు ఆలోచించాను. మెట్‌పల్లిలో చిలుకల సందుల్లో దుమ్ము తీస్తున్నప్పుడు నాకు ఎప్పుడూ ఏదీ తెలుసుకోవాలనిపించలేదు. ఎవరైనా చూస్తారేమో, ఏమైనా అంటారేమో అని చేసేదాన్ని. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. తాళం విప్పింది నాకు విప్పి చూడాలనిపించబట్టే. అంతకంటే పెద్ద తేడా నాకు దొరకలేదు.

సెప్టెంబర్ చివరికి మబ్బులు విడిపోయాయి. ఒక రోజు పొద్దున నడకకు పోతే రాళ్లు సగం మునిగి ఉన్నాయి, నీళ్లలో కాదు, ఇసుకలో. సముద్రం వానాకాలంలో తీసుకుపోయిన ఇసుకను తిరిగి తెచ్చి పోస్తోంది. ఇది ఏటా జరిగేదేనని పక్కింటి ఆమె చెప్పింది. తీరం ఒక గీత అని ఏళ్ల తరబడి పిల్లలకు బల్ల మీద గీసి చూపించాను. అది గీత కాదట, ఊపిరిలా పోయి వచ్చేదట. ఇది చెబితే ఏడో తరగతి పిల్లలు ఎన్ని ప్రశ్నలు అడిగేవాళ్లో.

ఆ తర్వాత కొన్ని వారాలకు చేపల కాలం వచ్చింది. జాలరులు చిన్న చిన్న వెండిరంగు చేపలను ఇసుక మీద పరిచి ఎండబెట్టారు. కనుచూపు మేర నేల తళతళలాడింది. ఇంత చేపను ఎవరు తింటారని అడిగితే ఒక జాలరి, గుట్టల మీది ఒంటెలకు, ఆవులకు మేతగా వేస్తామన్నాడు. ఆవు చేప తింటుందా అని నేను రెండుసార్లు అడిగాను. నమ్మకపోతే వచ్చి చూడమన్నాడు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన వెనక నేలలో గోంగూర కోస్తున్నాడు. ఇన్నేళ్లుగా అక్కడున్నా ఆయనకూ ఆ సంగతి తెలియదట. రేవు, గది, రేవు అంతే చూశానన్నాడు. వచ్చే శుక్రవారం గుట్టల మీదికి పోదామని అన్నాడు. చేప తినే ఆవులున్న ఊరు పేరు ఆ జాలరి ఏదో చెప్పాడు కానీ నాకు సరిగా గుర్తులేదు. రేపు పొద్దున పోయి మళ్లీ అడిగి రావాలి.